ఎడమ చెవి కొస

మా ఆయనకి పిల్లులంటే ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆయన్ని ‘పిల్లుల టెస్టర్’ అనే పిలుస్తారు. తెలియనివాళ్ళు ఆ మాట విని, ఈయనెవరో ఒళ్ళో పిల్లిని పెట్టుకుని తల నిమురుతూ కూర్చునే రకం అనుకుంటారు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన నా తల నిమిరిందే లేదు, ఇంక పిల్లి తల నిమురుతారా!

ఆయన పని పాల కేంద్రంలో పాలు పరీక్ష చేయడం. పొద్దున్నే అయిదున్నరకల్లా, మళ్ళీ సాయంత్రమూ తలుపులు తీస్తారు. అప్పటికే జనం క్యాన్లు పట్టుకుని వరసలో ఉంటారు. ఒక్కో క్యాన్‌లోంచి చిన్న గాజుసీసాలోకి కాసిని పాలు తీసి, చిక్కదనం చూసి, నీళ్ళు కలిపారో లేదో తేలుస్తారు. బాగుంటే పెద్ద ట్యాంకులోకి, లేకపోతే క్యాన్ వెనక్కి. నీళ్ళు కలిపి దొరికితే గోడ మీది నల్లబోర్డు మీద పేరెక్కుతుంది, నెల రోజులు ఆ ఇంటి పాలు తీసుకోరు. ఇందులో చుట్టమూ లేదు, పక్కమూ లేదు. ఏడేళ్ళ కిందట మా సొంత అన్నయ్య క్యాన్ వెనక్కి పంపేశారు. బావమరిది పేరు బోర్డు మీద గుండ్రంగా రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, ‘వెనక వరసకి కనపడటం లేదు’ అని చెరిపేసి మళ్ళీ పెద్దగా రాశారట! నేను నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించినట్టే లేరు. ఇల్లు ప్రశాంతంగా ఉందని సంతోషించి ఉంటారు.

నేను కుట్టుపని చేస్తాను. ముందుగదిలో కిటికీ పక్కన నా మెషీను, దాని కింద గుడ్డముక్కల బుట్ట. పెరట్లో ఒక ఆవు. మా క్యాన్ కూడా అందరితోపాటు వరసలోనే వెళ్ళాలి, అదీ ఆయనే పరీక్ష చేస్తారు. పాలు పితికింది ఆయన పెళ్ళామే అయినా సరే.

ఇక పిల్లుల సంగతి. ఇక్కడి పిల్లుల్లో సగం ఇక్కడ పుట్టినవి కావు. ఆదివారం మధ్యాహ్నాలు పట్నం నుంచి కార్లు వస్తాయి. మా కేంద్రం ముందు బోర్డు మీద పొంగిపోతున్న పాలబిందె బొమ్మ ఉంటుంది. అది చూసి, ఇక్కడైతే పాలకి లోటేముంటుంది అనుకుని, పుణ్యం చేసుకుంటున్నట్టు మొహం పెట్టి, అట్టపెట్టె దింపేసి పోతారు. ఒకసారి ఒక తెల్లపిల్లిని బుట్టలో పెట్టి వదిలారు. మెడకి ఎర్ర రిబ్బను, పక్కన దాని దువ్వెన, ‘ఒంటరిగా పడుకోదు’ అని ఒక చీటీ! ఒంటరిగా పడుకోనిదాన్ని రోడ్డు పక్కన ఎలా వదిలావే తల్లీ, నీకు చేతులెలా వచ్చాయి?

నిజం చెప్పాలంటే పాల కేంద్రంలో పిల్లికి దొరికే పాలు సున్నా. అన్నీ స్టీలు క్యాన్లు, బిగించిన మూతలు. నేల రోజుకి రెండుసార్లు వేడినీళ్ళతో కడుగుతారు. పాపం ఆ పిల్లులు క్యాన్ల చుట్టూ వాసన పట్టుకుని తిరగడమే తప్ప చుక్క ముట్టింది లేదు. అయినా ఎక్కడికి పోతాయి? ట్యాంకుని చల్లబరిచే యంత్రం మీద వెచ్చగా ఉంటుందని అక్కడే పడుకునేవి, అక్కడే పిల్లల్ని పెట్టేవి. చూస్తుండగానే ఇరవై దాటాయి.

ఏడాదికోసారి పై ఆఫీసు నుంచి ఒక సారు తనిఖీకి వస్తారు. పోయినేడు ఆయన వచ్చేసరికి యంత్రం మీద అయిదు పిల్లలు వరసగా నిద్రపోతున్నాయి. అది చాలదన్నట్టు, ఆయన చేతిలోకి తీసుకున్న గాజుసీసాలో పిల్లి వెంట్రుక! సారు మొహం మాడిపోయింది.

“మందు పెట్టించండి. మనిషిని నేను పంపిస్తాను, ఒక్కరోజులో పనైపోతుంది” అన్నారు.

మా ఆయన సీసా కడుగుతూనే, “పాలున్న చూరు కింద విషం పెట్టనివ్వను సార్” అన్నారు. “ఒకసారి లోపలికొచ్చిన విషం ఏ మూత కిందికి పోతుందో ఎవరు చూస్తారు?”

“మరి ఈ సంత ఇలాగే ఉంటుందా?”

“వచ్చే తనిఖీ దాకా టైమివ్వండి. ఈ ఆవరణలో ఒక్క పిల్ల కొత్తగా పుట్టదు. పుడితే మీ మనిషిని పిలవండి, నేను అడ్డుపడను. ఇది నా మాట.”

ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు ఒళ్ళు మండిపోయింది. పిల్లులు పిల్లల్ని పెట్టవని మాటిచ్చి వచ్చిన మనిషిని ఎక్కడైనా చూశారా? “వాటితో కూడా మాట్లాడి వచ్చారా, ఒప్పుకున్నాయా?” అన్నాను. ఆయన నవ్వలేదు. వెల్డింగ్ షాపు అతనికి చెప్పి రెండు బోన్లు చేయించారు. బోన్లో పడ్డ పిల్లి బెదరకుండా పైన కప్పడానికి మందపాటి గుడ్డ ముసుగులు నన్ను కుట్టమన్నారు. కుట్టాను. తిడుతూనే కుట్టాను.

పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ గురువారాలు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తానంది. వారానికి రెండేసి. ఎండుచేప ముక్క ఆశపెట్టి పట్టడం, ముసుగు కప్పి సైకిల్ వెనక కట్టుకుని తీసుకెళ్ళడం, సాయంత్రం తెచ్చి వదలడం. చేసినదాన్నే మళ్ళీ పట్టుకుపోకుండా, మత్తులో ఉన్నప్పుడే డాక్టరమ్మ ఎడమ చెవి కొస కొంచెం తిన్నగా కోసేసేది. దూరం నుంచి చూసినా తెలిసిపోవాలని. పరీక్షకి తీసిన సీసాల్లో పాలు మళ్ళీ క్యాన్‌లో పోయకూడదు గనక అదివరకు కాలవలో పారబోసేవారు. ఇప్పుడు వెనక అరుగు మీద ఒక పళ్ళెంలో పోయడం మొదలుపెట్టారు. ఆ పళ్ళెం దగ్గరికి చెవి కోసినవి వస్తే ఊరుకునేవారు. చెవి నిండుగా ఉన్నది వచ్చిందంటే బోను తెచ్చేవారు. ఆపరేషన్ అయినప్పుడల్లా బోర్డు మూల సుద్దతో ఒక గీత. అంతే, ప్రేమా లేదు, దోమా లేదు. పాలు పరీక్ష చేసినట్టే పిల్లుల్నీ పరీక్ష చేశారు.

నేను మాత్రం అంత బుద్ధిగా ఉండలేకపోయాను. వానల్లో ఒక బూడిదరంగు పిల్లి కిటికీలోంచి దూకి నా గుడ్డముక్కల బుట్టలో పడుకుంది. తరిమాను. మళ్ళీ వచ్చింది. మెషీను తొక్కుతుంటే ఆ చప్పుడుకి నిద్రపోయేది, ఆపితే లేచి నా మొహంలోకి చూసేది. ‘ఏమే, జీతమిస్తున్నావా, ఆగకుండా కుట్టడానికి’ అని దాన్ని తిట్టుకుంటూనే రోజంతా దానితో మాట్లాడేదాన్ని. ఇంట్లో ఉన్న మనిషి మాట్లాడకపోతే ఎవరితో ఒకరితో మాట్లాడాలి కదా.

అప్పుడే ఆ రిబ్బను తెల్లపిల్లి వంతు వచ్చింది. ఆ గురువారం సాయంత్రం ఆయన సైకిల్ దిగి, ఖాళీ బోను కింద పెట్టి, ముసుగుని నాలుగు మడతలు వేసి నా మెషీను మీద పెట్టారు. “మత్తులోంచి లేవలేదు” అన్నారు. “డాక్టరమ్మ తప్పేం లేదు. దాని గుండె బలహీనమట.” చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. నా బుట్టలో బూడిదపిల్లి కాళ్ళు చాపుకుని నిద్రపోతోంది.  దీని చెవి ఇంకా నిండుగానే ఉంది.

ఏం చేశానో చెప్తాను, దాచుకోను. రెండు రోజుల తర్వాత ఆయన కేంద్రంలో ఉండగా పిల్లిని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో అదిమిపెట్టుకున్నాను. నా మామూలు కత్తెర సానకి వెళ్ళింది. చేతికి దొరికింది జిగ్‌జాగ్ కత్తెర. గుడ్డ అంచులు పోగులూడకుండా పళ్ళుపళ్ళుగా కత్తిరిస్తామే, అది. కళ్ళు మూసుకుని ఎడమ చెవి కొస ఒక్క కోత కోశాను. అది నా బొటనవేలు ఎముక దాకా కొరికింది. కొరకదూ మరి! ఇద్దరం రక్తాలు కార్చుకుంటూ ఆ గదిలో చెరో మూలా కూర్చున్నాం. నేను ఏడ్చాను. అది ఏడవలేదు, ఊరికే నన్ను చూసింది. సాయంత్రానికి మళ్ళీ బుట్టలోకే వచ్చింది. అందుకే ఇంకా సిగ్గేసింది.

వేలికేమైందని ఆయనడిగితే మెషీను సూది దిగిందన్నాను. తర్వాతి గురువారం ఆయన పనిమీద పై ఆఫీసుకి వెళ్ళి వచ్చాక, “ఇవాళ బూడిదదాన్ని నేనే తీసుకెళ్ళి చేయించేశాను” అని అబద్ధమాడాను. ఆయన బుట్టలోకి వంగి చెవి వంక ఒక్క క్షణం చూసి, “మంచిది” అన్నారు. మర్నాడు బోర్డు మూల గీత గీశారు. ఊళ్ళో ఏ ఒక్కరి క్యాన్‌నీ చూడకుండా వదలని మనిషి, నా మాటకి మాత్రం మారు అడగకుండా గీత గీసేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నెలలు గడిచాయి. యంత్రం మీద పిల్లలు లేవు. గీతలు ఇరవై మూడయ్యాయి. ఊళ్ళో జనం కూడా వేళాకోళం మానేసి, ‘మాటంటే మాటే’ అనడం మొదలుపెట్టారు. బూడిదపిల్లి పొట్ట మాత్రం లావవుతూ వచ్చింది. పళ్ళెంలో పాలు ఎక్కువ తాగుతోంది అన్నాను. ఎవరికి చెప్తున్నాను? నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఉన్నట్టుండి ఒకరోజు బుట్టలో కనపడలేదు. నాలుగు రోజుల తర్వాత కేంద్రంలో బోన్లు పెట్టే గదిలో, నేను కుట్టిన ముసుగుల మధ్య దొరికింది. నాలుగు పిల్లలతో. తనిఖీకి ఇంకా పది రోజులుంది.

ఆయన పిల్లల్ని చూశారు, తల్లి చెవి చూశారు. కళ్ళెర్రబడ్డాయి. కోపం డాక్టరమ్మ మీద. “ఆపరేషన్ చేశానని చెవి కోసి పంపించిందా? చూస్తాను, నలుగురిలో అడుగుతాను” అంటూ పిల్లిని బోన్లో పెట్టుకున్నారు. నేను, “పోనీండి, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది” అంటే వినలేదు. నోరు తెరిచి నిజం చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. ఆయన వెనకాలే పరిగెత్తాను.

ఆసుపత్రి వరండా నిండా జనం, దూడలు, మేకలు. అందరి ముందూ ఆయన గొంతు పెంచి డాక్టరమ్మని నిలదీశారు. మా ఆయన గొంతు పెంచగా నేను విన్నది అదే మొదటిసారి. “మీమీద నమ్మకంతో నేను మాటిచ్చానమ్మా. ఇరవై పైగా ప్రాణాలు ఆ మాట మీద ఉన్నాయి. మీరు చెవి కోసి వదిలేశారు!”

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా పెద్దమ్మాయి కంటే కూడా చిన్నది. మొహం ఎర్రబడింది గానీ మాట తూలలేదు. పిల్లిని బల్ల మీదికి తెమ్మంది. పొట్ట మీద బొచ్చు పక్కకి తీసి వేలితో చూసింది. “దీని ఒంటి మీద కుట్ల గీతే లేదు” అంది. తర్వాత చెవి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. “టెస్టర్ గారూ, ఇది నేను కోసింది కాదు. నా కత్తెరకి పళ్ళుండవు.”

ఆయన వంగి చూశారు. ఆ అంచు మీద వేలు పెట్టారు. చిన్న చిన్న పళ్ళు, మూడు. ఇరవై ఏడేళ్ళుగా ఆయన చొక్కాల లోపలి అంచులన్నీ నేను ఆ కత్తెరతోనే కత్తిరించాను. 

“తప్పు నాదమ్మా” అన్నారు ఆయన డాక్టరమ్మతో, అందరికీ వినపడేలా. “సరిగా చూసుకోకుండా మిమ్మల్ని మాటన్నాను. క్షమించండి.” నా వైపు చూడలేదు.

దారిపొడుగునా సైకిల్ నడిపించుకుంటూ వచ్చారు, నేను పక్కనే. ఏదో ఒకటి అంటే బాగుండు, నాలుగు తిట్టినా బాగుండు అనిపించింది. ఇంటి ముందుకొచ్చాక నేనే, “తెల్లదాని లాగా ఇదీ లేవదేమోనని భయమేసిందండీ” అన్నాను. ఆయన స్టాండు వేసి, “ఆ రోజు నాకూ అన్నం సయించలేదు” అన్నారు. అంతే. నేను ఆ రోజు అది చూడనే లేదు. చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు, రాతిమనిషి అనుకున్నాను.

తనిఖీ రోజు వచ్చింది. దాచేయమని ఊళ్ళో అందరూ అన్నారు. ఒక్క పూటకి ఆ నాలుగింటినీ మా ఇంట్లో పెట్టేస్తే సారుకి తెలిసేదే కాదు. ఆయన వినలేదు. సారు లోపలికి రాగానే పిల్లలున్న బుట్టని స్వయంగా తెచ్చి, పాలు పరీక్ష చేసే బల్ల మీద పెట్టారు.

“పుట్టాయి సార్. ఇక్కడే పుట్టాయి. నా మాట పోయింది.”

ఎలా పుట్టాయో చెప్పలేదు. ఎవరి వల్లో చెప్పలేదు. సారు బుట్టలోకి చూసి, ఫోను తీశారు. మందు పెట్టే మనిషి నంబరు వెతుకుతున్నారు. వెనక అరుగు మీద పళ్ళెం చుట్టూ పిల్లులు, తోకలు పైకెత్తుకుని. వాటికేం తెలుసు?

నేను క్యాన్‌తో వరసలో ఏడో మనిషిని. క్యాన్ కింద పెట్టేసి ముందుకెళ్ళాను.

“ఆ చెవి కోసింది నేను సార్” అన్నాను. “ఆపరేషన్ చేయించకుండా చేయించానని చెప్పాను. మా ఆయనకి కూడా.”

 ఆయన బల్ల వెనక కదలకుండా నిలబడ్డారు. నాకు భయం పోయి, మాటలు వాటంతట అవే వచ్చేశాయి. “నీళ్ళపాలు దొరికిన రోజు ఈయన ఆ ఒక్క క్యానే వెనక్కి పంపుతారు. ట్యాంకంతా పారబొయ్యరు. నీళ్ళు కలిపింది నేను. నా పేరు రాయండి. మిగతావాటినేం చేయకండి.”

సారు ఏదో అనబోయేలోగా వరసలోంచి మూలింటి మామ్మగారు గొంతు సవరించుకున్నారు. “మా నల్లదాన్ని కూడా… చేయించానని చెప్పి, గోళ్ళు తీసేదాంతో నేనే…” అన్నారు, నేల చూపులు చూస్తూ. ఆవిడ వెనక వెల్డింగ్ షాపు అతను తల గోక్కున్నాడు. “మాదాన్నీ నేనే. పటకారుతో.” బోన్లు తయారుచేసిన మనిషి! తన బోన్లో తన పిల్లి పడకుండా చెవి కత్తిరించుకున్నాడు! ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత వరసంతా పగలబడి నవ్వింది.

“ఇంకెవరైనా ఉన్నారా?” అన్నారు సారు. నవ్వాపుకోలేక ఆయన మూతి కూడా వంకరపోయింది. “టెస్టర్ గారూ, మీరేమంటారు?”

 మా ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికెళ్ళారు. మూలనున్న గీతల్లో మూడు చెరిపేశారు. తర్వాత మధ్యలో నా పేరు రాశారు. గుండ్రంగా, పెద్దగా, వెనక వరసకి కూడా కనపడేలా. కింద మామ్మగారి పేరు, ఆ కింద వెల్డింగ్ అతని పేరు. “నెల రోజులు” అన్నారు.  

సారు ఆ బోర్డు వంక చూసి, నా ఇంటిపేరూ మా ఆయన ఇంటిపేరూ ఒకటే కావడం చూసి, ఆయన మొహం వంక చూశారు. ఫోను జేబులో పెట్టేసుకున్నారు. “నెల తర్వాత మళ్ళీ వస్తాను. ఈసారి ప్రతి పిల్లినీ డాక్టరమ్మే చూసి రాసివ్వాలి. చెవులు చూసి నమ్మేది లేదు” అన్నారు.

నా క్యాన్ ఎత్తుకుని బయటికొస్తుంటే మా అన్నయ్య వచ్చి చేతిలోంచి లాక్కున్నాడు. “ఇవ్వవే, నేను మోస్తాను. ఈ రోజు కోసం ఏడేళ్ళుగా చూస్తున్నాను” అని ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు, దరిద్రుడు.

ఆ నెలలో మామ్మగారి నల్లది, వెల్డింగ్ అతని చారలది ఆపరేషన్ చేయించుకుని వచ్చాయి. పిల్లలు పాలు మానాక ఆఖరి గురువారం బూడిదదాని వంతు. నేనే తీసుకెళ్ళాను, నిజంగా. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాను గానీ చూపంతా ఆ తలుపు మీదే. కాసేపటికి సైకిల్ బెల్లు వినిపించింది. తలెత్తితే ఆయన! సాయంత్రం పాలు పోసే వేళ, వరస ఇంకా సగం కూడా అయి ఉండదు.

“అక్కడెవరున్నారు?” అన్నాను.

“మీ అన్నయ్యని కూర్చోబెట్టాను. నీళ్ళపాలు పట్టుకోవడం వాడికంటే ఎవరికి బాగా తెలుసు” అని నా పక్కన కూర్చున్నారు.

డాక్టరమ్మ తలుపు తీసి బయటికి తొంగిచూసింది. “ఆపరేషన్ అయిపోయింది. ఎలాగూ మత్తులోనే ఉంది కదా, ఆ చెవి కూడా తిన్నగా చేసేయమంటారా టెస్టర్ గారూ?”

“వద్దమ్మా, ఉండనీ” అన్నారు. “మా ఇంటిదని గుర్తుంటుంది.”

లోపలికి పిలిచారు. బల్ల మీద అది కదలకుండా పడుకుని ఉంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. నేను దాని పొట్ట వైపే చూస్తున్నాను, పైకీ కిందికీ ఆడుతోందా అని. ముందు చెవి కదిలింది, ఆ పళ్ళ చెవే. తర్వాత ఒక కన్ను సగం తెరిచింది. నాకు ఏడుపు ఆగలేదు, అందరి ముందూ బావురుమన్నాను.

ఆయన నన్ను ఊరుకోమనలేదు. “ఇంకోసారి భయమేస్తే నాకు చెప్పు. కత్తెర తీయకు” అన్నారు మెల్లిగా.

“చెప్తే మీరు వింటారని నాకేం తెలుసు?”

ఆయన నా వైపు తిరిగి చూశారు. సీసాని వెలుగుకి పెట్టి చూసేటప్పుడు పెట్టే మొహం అది. “అదీ నిజమే” అన్నారు.

తర్వాత వేలు చాపి, పిల్లి రెండు చెవుల మధ్యా ఒక్కసారి నిమిరి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశారు. నేను ముసుగు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.